ఎడమకాలి బ్రేకు కోసం ఇంగ్లండ్ దాకా

జూన్ 7, శుక్రవారం, సోలిహల్

మా ఇంట్లో గేరంటే కుడికాలు, బ్రేకంటే ఎడమకాలు. నాన్నది 1978 మోడల్ బుల్లెట్. తెనాలి కరెంటు ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ దానిమీదే తిరిగారు. నేను బండి నేర్చుకున్నదీ దానిమీదే. ఉద్యోగంలో చేరి సొంతంగా బండి కొనుక్కున్నాక, బ్రేకు అనుకుని గేరు తొక్కడం మానుకోవడానికి నాకు నెల పైనే పట్టింది.

చిన్నప్పటి సంగతి ఒకటి బాగా గుర్తు. వానాకాలం వేమూరు వైపు నుంచి కాలవ కట్ట మీద వస్తుంటే రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లు నిలిచేవి. అవి దాటగానే నాన్న ఎడమ పాదం బ్రేకు మీద తేలిగ్గా ఆనించి, యాక్సిలరేటర్ తగ్గించకుండా కొంతదూరం అలాగే పోనిచ్చేవారు. ట్యాంకు మీద కూర్చున్న నాకు ఆ పాదం కనిపించేది. ఎందుకలా చేస్తున్నారని ఎప్పుడూ అడగలేదు. నాన్న పోయి మూడేళ్లయింది. బుల్లెట్ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది.

మా పెద్దమ్మ కొడుకు సోలిహల్‌లో స్థిరపడి పదిహేనేళ్లు. బర్మింగ్‌హామ్‌ను ఆనుకుని ఉన్న ఊరది. "ఒరేయ్, నువ్వు చూడాలనుకునే బళ్లన్నీ మా ఇంటికి అరగంట దూరంలోనే పుట్టాయిరా" అని అన్నయ్య ఎన్నాళ్లనుంచో పిలుస్తున్నాడు. ఆ మాట నిజమే. బీఎస్ఏ, నార్టన్, వెలొసెట్, ఏరియల్ బర్మింగ్‌హామ్‌వి. ట్రయంఫ్ పక్కనున్న కావెంట్రీది. మన రాయల్ ఎన్‌ఫీల్డ్ దక్షిణాన ఉన్న రెడిచ్‌ది. ఒక జిల్లా అంత మేరలో ఇన్ని కంపెనీలు.

రాత్రి వదిన టమాటా పప్పు, నేను తెచ్చిన గోంగూర పచ్చడితో భోజనం పెట్టింది. తొమ్మిదిన్నరకు కూడా బయట వెలుతురుంది. పది రోజులు ఎక్కడెక్కడ తిరగాలో ఇద్దరం కాగితం మీద రాసుకున్నాం.

జూన్ 8, శనివారం, నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియం

విమానాశ్రయానికి దగ్గర్లో, ఎం42 రోడ్డు పక్కనే ఉంది. రాయ్ రిచర్డ్స్ అనే ఆయన పెట్టిన మ్యూజియం, 1984లో తెరిచారు. అన్నీ బ్రిటన్‌లో తయారైన బళ్లే, వెయ్యి పైచిలుకు. 2003 సెప్టెంబరు 16న ఇక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఆర్పేయని సిగరెట్టు ముక్క వల్లట. 380 దాకా బళ్లు కాలిపోయాయి. మరుసటి ఏడాది డిసెంబరుకల్లా మళ్లీ తెరిచారు. మసిబొగ్గయిన ఫ్రేముల నుంచి ఎన్నో బళ్లను తిరిగి నిలబెట్టారు. ఆ సంగతి తెలిసి చూస్తే, ఆ నికెల్ మెరుపు వెనక ఎన్ని చేతులు పనిచేశాయో అనిపిస్తుంది.

అన్నయ్య ఒంటి గంటకు వస్తానని నన్ను దింపి వెళ్లాడు. ఒంటి గంటకు నేను ఇంకా రెండో హాల్లోనే ఉన్నాను.

మొదట నన్ను ఆపేసింది ట్రయంఫ్ మోడల్ హెచ్. 1915లో వచ్చింది, 550 సీసీ. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం 30,000 దాకా చేశారు, ఉత్తరాలు, ఆదేశాలు మోసుకెళ్లేవాళ్లు వీటిమీదే తిరిగారు. దాని ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూశాను. మా తాతయ్య హెర్క్యులిస్ సైకిల్ బ్రేకు! అచ్చం అదే. హ్యాండిల్ దగ్గర లివర్ నొక్కితే కడ్డీ పైకి లేస్తుంది, గుర్రపు రికాబు ఆకారంలో ఉన్న ఇనుప ముక్క రెండు దిమ్మలను చక్రపు అంచుకు లోపలివైపు నుంచి అదుముతుంది. రాడ్ బ్రేకుల నల్ల సైకిల్ తొక్కినవాళ్లెవరికైనా ఇది చెప్పక్కర్లేదు. సైకిల్ వేగానికి సరిపోయే బ్రేకును గంటకు డెబ్బై, ఎనభై కిలోమీటర్లు పోగల బండికి పెట్టారు.

వెనక చక్రానిది ఇంకో పద్ధతి. ఆ బండికి చక్రాన్ని తిప్పేది గొలుసు కాదు, వి ఆకారపు బెల్టు. బ్రేకు కూడా ఆ పోలికలోనే ఉంది. గాడి ఉన్న రిమ్ము, ఆ గాడిలోకి వెళ్లి అదుముకునే దిమ్మ. వాన పడితే బెల్టూ జారేది, బ్రేకూ పట్టేది కాదు. బెల్జియంలోని ఫ్లాండర్స్ యుద్ధభూమి బురదలో ఆ కుర్రాళ్లు వీటిని ఎలా నడిపి ఉంటారు?

హ్యాండిల్ కుడివైపు తిప్పే పిడి లేదు. రెండు చిన్న లివర్లు ఉన్నాయి, ఒకటి పెట్రోలు మిశ్రమానికి, ఇంకొకటి గాలికి. ఎత్తు ఎక్కేటప్పుడు గాలి తగ్గించాలి, చదునులో పెంచాలి. పాలు కాచేటప్పుడు మంటను సరిచేసుకుంటూ ఉన్నట్టు, బొటనవేలు ఎప్పుడూ పనిలోనే ఉండాలి. తర్వాతి వరసల్లోని బళ్లకు ఎడమవైపు ఇంకో లివర్ ఉంది, స్పార్కు ముందుకూ వెనక్కీ జరపడానికి. మనవాళ్లు టైమింగ్ లివర్ అంటారే, అదే. 1920ల నాటి బళ్లలో చాలావాటికి బ్రేకు, క్లచ్చు లివర్లు హ్యాండిల్ కొస నుంచి లోపలికి తెరుచుకుంటాయి, మనకు అలవాటైనదానికి తలకిందులుగా. గేరు కర్ర ట్యాంకు పక్కన, చేత్తో జరపాలి.

ఆ చేతిని గేరు నుంచి విడిపించింది వెలొసెట్. ఒకసారి తొక్కితే ఒక గేరు మాత్రమే పడి, కాలు తీయగానే పెడల్ మళ్లీ మధ్యకు వచ్చే ఏర్పాటును ఆ కంపెనీ ఇంజనీరు హెరాల్డ్ విల్లిస్ 1920ల చివర్లో రేసు బళ్ల కోసం తయారుచేశాడు. ఇవాళ మన వీధిలో పోయే ప్రతి గేరు బండిలోనూ ఉన్నది ఆ ఆలోచనే. బర్మింగ్‌హామ్ హాల్ గ్రీన్‌లోని చిన్న కుటుంబ కంపెనీ అది. ఆ బండి ముందు నిలబడి మనసులోనే దండం పెట్టుకున్నాను.

కాలు గేరుకు వచ్చాక బ్రిటిష్‌వాళ్లు కుడికాలికే దాన్ని ఇచ్చారు, వెనక బ్రేకు ఎడమకాలికి పోయింది. అందులోనూ ఒకరిది ఒకరికి పొసగదు. బీఎస్ఏ, ట్రయంఫ్ బళ్లకు ఫస్ట్ గేరు కిందికి, మిగతావి పైకి. నార్టన్‌కు, మన బుల్లెట్‌కు ఫస్ట్ పైకి, మిగతావి కిందికి. 1975 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే బండికి ఎడమకాలి గేరు ఉండి తీరాలని నిబంధన వచ్చింది. అమెరికా అమ్మకాల మీదే బతుకుతున్న బ్రిటిష్ కంపెనీలు గేరును ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చక తప్పలేదు. మన దగ్గర మాత్రం 2000ల దాకా కుడికాలి గేర్ల బుల్లెట్లు వస్తూనే ఉన్నాయి. ఈ అలవాటు పుట్టిన చోట ఆగిపోయాక కూడా పాతికేళ్ల పైన మన ఊళ్లలో బతికింది. నాకు అది చాలా గౌరవమైన విషయంగా తోచింది.

సాయంత్రం మూడింటికి విన్సెంట్ బ్లాక్ షాడో దగ్గరికి చేరాను. స్టీవనేజ్‌లో తయారయ్యేది. 1948లో వచ్చింది, 998 సీసీ, నల్లటి ఎనామిల్ పూసిన ఇంజన్, హ్యాండిల్ మీద అన్నం పళ్లెమంత గుండ్రటి స్పీడోమీటరు, అందులో గంటకు 150 మైళ్ల దాకా అంకెలు. కానీ నేను చూడాలనుకున్నది చక్రాలు. ముందు చక్రానికి రెండు పక్కలా రెండు బ్రేకు డ్రమ్ములు, వెనక చక్రానికీ రెండు. మొత్తం నాలుగు బ్రేకులు. అంత వేగం ఇచ్చినవాడు ఆపే సంగతి కూడా అంతే శ్రద్ధగా ఆలోచించాడు. ముందువైపు ఒక్క లివర్ లాగితే రెండు డ్రమ్ములకూ సమానంగా బలం వెళ్లడానికి మధ్యలో త్రాసు కాడ లాంటి పట్టీ ఉంది. వెనక చక్రం విప్పడానికి పానా అక్కర్లేదు. ఇరుసు కొసన అడ్డంగా ఉన్న పిడిని చేత్తో తిప్పితే వస్తుంది. ఫిలిప్ విన్సెంట్, ఆయన ఆస్ట్రేలియా ఇంజనీరు ఫిల్ ఇర్వింగ్, ఇద్దరూ దారి మధ్యలో చెడిపోయిన బండి పక్కన కూర్చున్నవాడి కష్టం తెలిసిన మనుషులు. 1955 చివరికి ఆ కంపెనీ బళ్లు చేయడం మానేసింది.

ఆ చక్రం దగ్గరే ఒక పెద్దాయన పరిచయమయ్యారు. డెబ్బై దాటిన మనిషి, చేతులకు నూనె మరకలు చర్మంలో కలిసిపోయి ఉన్నాయి. నేను పావుగంట నుంచి బ్రేకు వైపే చూస్తున్నానని గమనించారట. "అందరూ ఇంజన్ చూస్తారు, మీరు బ్రేకు చూస్తున్నారే" అన్నారు. నాన్న బుల్లెట్ సంగతి చెప్పాను. మంగళవారం తన షెడ్డుకు రమ్మన్నారు. హెన్లీ ఇన్ ఆర్డెన్ దగ్గర పల్లె.

క్యాంటీన్‌లో టీ, చీజ్ శాండ్‌విచ్ ఆరు పౌండ్లు దాటింది. అప్పుడు పౌండు నూట ఆరు రూపాయలు. లెక్క వేసుకోవడం అప్పుడే మానేశాను.

జూన్ 10, సోమవారం, స్మాల్ హీత్

ఆదివారమంతా వాన, ఇంట్లోనే గడిచింది.

బీఎస్ఏ అంటే నా తరం తెలుగు పిల్లలకు బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ సైకిల్. ఎనిమిదో తరగతిలో నాకూ ఒకటి కొన్నారు. అది మద్రాసు అంబత్తూరులో తయారైన సైకిల్ అని తెలుసు కానీ, ఆ మూడక్షరాలు బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అని, అంటే తుపాకుల కంపెనీ అని తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. వాళ్ల గుర్తు కూడా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు రైఫిళ్లు.

ఫ్యాక్టరీ స్మాల్ హీత్‌లో ఆర్మరీ రోడ్డులో ఉండేది. నేను రైలు దిగి ఫోన్‌లో మ్యాపు చూస్తూ తప్పుడు వైపు నడిచి, ముప్పావుగంట తర్వాత కాలవ గట్టు మీద తేలాను. గ్రాండ్ యూనియన్ కాలవ. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. గట్టు మీద కుక్కతో వస్తున్న ఒక సోమాలీ పెద్దాయనను అడిగితే, దారి చెప్పి ఊరుకోకుండా, నాతోపాటు వంతెన దాకా వెనక్కి నడిచి చూపించారు.

అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు. ఫ్యాక్టరీలో ఎక్కువ భాగం ఎప్పుడో కూల్చేశారు, ఇప్పుడు గోదాములు, చిన్న వ్యాపారాలు. 1940 నవంబరు 19 రాత్రి జర్మన్ బాంబులు పడి ఇక్కడ పనిచేస్తున్న 53 మంది చనిపోయారు. యుద్ధం అయిపోయేలోపు ఈ కంపెనీ ఎం20 అనే బళ్లను 1,26,000 దాకా సైన్యానికి ఇచ్చింది. 1950ల్లో ప్రపంచంలోనే అతి పెద్ద మోటార్‌సైకిల్ కంపెనీ ఇది. గోడ పక్కన కాసేపు నిలబడ్డాను. టైర్ల దుకాణం నుంచి గాలి మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

మధ్యాహ్నం లేడీపూల్ రోడ్డుకు నడిచాను. బాల్టీ అనే వంటకం ఈ చుట్టుపక్కల పాకిస్తానీ, కశ్మీరీ హోటళ్లలోనే 1970ల్లో పుట్టింది. పల్చటి ఉక్కు మూకుడులో పెద్ద మంట మీద గబగబా వండి, అదే మూకుడుతో బల్ల మీద పెడతారు. అంచుల దగ్గర మసాలా ఇంకా కుతకుతలాడుతూ ఉంటుంది. అన్నం కాదు, నాన్‌తో తినాలి. చికెన్ బాల్టీ, నాన్ కలిపి పదకొండు పౌండ్లు. వడ్డించిన కుర్రాడు నా ఊరు అడిగి, "ఆంధ్రా అంటే కారం ఎక్కువ కదా" అని, అడక్కుండానే పచ్చిమిరపకాయలు తెచ్చి పెట్టాడు. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన భోజనం అదే.

జూన్ 11, మంగళవారం, హెన్లీ ఇన్ ఆర్డెన్ దగ్గర పల్లె

పెద్దాయన స్టేషన్‌కు కారు తెచ్చారు. జీవితమంతా పనిముట్లు తయారుచేసే టూల్‌రూమ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇంటి వెనక చెక్క షెడ్డు, లోపల రెండు బళ్లు: 1942 నాటి బీఎస్ఏ ఎం20, 1968 ట్రయంఫ్ బానవిల్. ఏ పరికరం ఎక్కడ తగిలించాలో గోడ మీద దాని ఆకారం గీసి ఉంది.

ఇక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరి బండినైనా చూడొచ్చు, ఎంతసేపైనా మాట్లాడొచ్చు, కానీ అడక్కుండా చెయ్యి వేయకూడదు. అడిగితే మాత్రం మనం ఆశించినదానికంటే ఎక్కువే ఇస్తారు. నేను బ్రేకు లివర్ పట్టుకోవచ్చా అని అడిగాను. ఆయన నాకు ఏప్రాన్ ఇచ్చారు.

ఆరోజు బానవిల్ ముందు బ్రేకుకు కొత్త లైనర్లు, అంటే రాపిడి పట్టీలు, వేసే పని ఉంది. డ్రమ్ము బ్రేకు గురించి నాకు తెలుసనుకున్నాను. తెలిసింది సగమే. డ్రమ్ములో రెండు షూలు, అంటే లోపలి నుంచి అదిమి ఆపే వంపు ముక్కలు, ఉంటాయి. మామూలు బ్రేకులో వాటి మధ్య ఒకే కామ్, అంటే షూలను నెట్టే ముక్క, తిరిగి రెండిటినీ తెరుస్తుంది. చక్రం తిరిగే దిశ వల్ల ఒక షూ డ్రమ్ములోకి దానంతట అదే లాక్కోబడుతుంది, రెండోది వెనక్కి నెట్టబడుతుంది. అంటే ఒకటి కష్టపడుతుంది, ఇంకొకటి పక్కన నిలబడినట్టే. 1968 ట్రయంఫ్‌లో ఎనిమిది అంగుళాల డ్రమ్ముకు రెండు కామ్‌లు పెట్టారు, రెండు షూలూ లాక్కోబడేలా. దాన్నే ట్విన్ లీడింగ్ షూ అంటారు. అంత మంచి బ్రేకుకూ ఒక బలహీనత ఉంది, ఎత్తు మీద బండి వెనక్కి జారితే సరిగా పట్టదు. అప్పుడు రెండూ పక్కన నిలబడిపోతాయి కాబట్టి.

పాత లైనర్లలో పీల్చితే ప్రమాదమైన ఆస్‌బెస్టాస్ ఉంటుందని ఆయన డ్రమ్ములోని దుమ్మును ఊదలేదు, తడిగుడ్డతో మెల్లగా తుడిచి ఆ గుడ్డను సంచిలో మూటకట్టారు. ఊదొద్దు అని నాకు రెండుసార్లు చెప్పారు. మా ఊరి మెకానిక్ షెడ్డుల్లో ప్రతి కుర్రాడూ నోటితో ఉఫ్‌మని ఊదడం కళ్లముందు మెదిలింది. ఊరెళ్లగానే ఇది చెప్పాలి.

తర్వాత డ్రమ్ము లోపల సుద్దముక్కతో రాశారు. చక్రం బిగించి, ఒకసారి తిప్పి బ్రేకు వేసి, మళ్లీ విప్పారు. కొత్త లైనర్ల మీద సుద్ద అంటిన చోటే షూ తగులుతోందన్నమాట. మొదటిసారి మధ్యలో రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ. అక్కడ ఆకురాయితో నాలుగు గీతలు గీశారు, మళ్లీ సుద్ద, మళ్లీ బిగింపు. ఆరుసార్లు. మచ్చ కొంచెంకొంచెం పాకుతూ ఆరోసారికి లైనర్ పొడవునా పరుచుకుంది. షూ ముందు కొసను కూడా ఏటవాలుగా అరగదీశారు, లేకపోతే పట్టేటప్పుడు ఒక్కసారిగా కరుస్తుందట. ఆ తర్వాత రెండు కామ్‌లను కలిపే బయటి కడ్డీని మరతో సరిచేశారు, రెండు షూలూ ఒకే క్షణంలో డ్రమ్మును తాకేలా. చివరికి ఇరుసు నట్టు వదులుగా ఉంచి, చక్రాన్ని గట్టిగా తిప్పి, నన్ను లివర్ నొక్కి పట్టుకోమన్నారు. నేను పట్టుకున్నాను. అప్పుడు నట్టు బిగించారు. అలా చేస్తే షూలు డ్రమ్ము మధ్యలో వాటంతట అవే సర్దుకుంటాయి. నా నాలుగు వేళ్లూ నొప్పి పుట్టాయి, కానీ వదల్లేదు.

చక్రం తిప్పి లివర్ తాకించారు. "ష్" అని ఒకటే చప్పుడు. మూడున్నర గంటల పని ఆ చప్పుడు కోసమే.

ఆయన భార్య టీ, విక్టోరియా స్పాంజ్ కేకు తెచ్చారు. మధ్యలో జామ్, పైన పంచదార పొడి. రెండో ముక్క వద్దంటే బలవంతం చేయలేదు, వెంటనే తీసుకెళ్లిపోయారు. మన ఇళ్లలోలా మూడుసార్లు అడుగుతారనుకోకూడదు, మొదటిసారే అవుననాలి.

సాయంత్రం ఎం20ని బయటికి తోశాం. నన్నే స్టార్టు చేయమన్నారు. వరస ఆయన చెప్తుంటే నేను చేశాను. పెట్రోలు తిప్పు. కార్బొరేటర్ మీది చిన్న బొడిపెను పెట్రోలు చెమ్మ కనిపించేదాకా నొక్కు. గాలి లివర్ మూసెయ్. టైమింగ్ లివర్ వెనక్కి జరుపు, మర్చిపోతే కిక్కు తిరగబడి మోకాలు విరుగుతుంది. కిక్కర్ గట్టిగా ఆగేదాకా దించు. ఎడమచేతి కింద ఉన్న వాల్వ్ లిఫ్టర్, అంటే ఇంజన్ లోపలి ఒత్తిడిని వదిలే లివర్, లాగి, కిక్కర్‌ను ఇంకొంచెం దించు. వదులు. కిక్కర్‌ను పైకి రానిచ్చి, ఇప్పుడు పూర్తిగా తొక్కు.

మూడో కిక్కుకు లేచింది. పెద్ద గుండె కొట్టుకున్నట్టు నిదానమైన చప్పుడు. టైమింగ్ లివర్ ముందుకు జరపగానే ఆ చప్పుడు తేరుకుని నునుపైంది. ఆ తేడా చెవికంటే ముందు అరచేతికి తెలుస్తుంది.

రోడ్డు మీద నడపడానికి నాకు ఇన్సూరెన్స్ లేదు. వాళ్ల పెరటి గడ్డిలో ఫస్ట్ గేరులో రెండు చుట్లు తిరగమన్నారు. తిరిగి షెడ్డు ముందుకు వస్తుంటే ఎడమ పాదం దానంతట అదే బ్రేకు మీదికి వెళ్లింది. నేను దానికి చెప్పలేదు. పద్దెనిమిదేళ్లుగా కుడికాలితో బ్రేకు వేస్తున్న మనిషిని. బండి ఆగాక దిగడానికి కాస్త సమయం తీసుకున్నాను. పెద్దాయన ఏమీ అడగకుండా పెట్రోలు కట్టేశారు.

తిరిగి వెళ్లేటప్పుడు హెన్లీలో ఐస్‌క్రీమ్ తినకుండా పోకూడదని కారు ఆపారు. ఆ ఊరు దానికి పేరు. డబ్బులు నన్ను ఇవ్వనిచ్చారు, ఇద్దరికీ కలిపి ఏడు పౌండ్లు.

జూన్ 13, గురువారం, రెడిచ్

రైలు చివరి స్టేషన్ రెడిచ్. ఒకప్పుడు ప్రపంచమంతా వాడే సూదుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ఊరే చేసేది. సూదుల నుంచి సైకిళ్లు, సైకిళ్ల నుంచి మోటార్‌సైకిళ్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ పెట్టినవాళ్లు, తుపాకుల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే ఆర్డరు దొరికాక, ఆ ఫ్యాక్టరీ ఉన్న ఎన్‌ఫీల్డ్ ఊరి పేరునే 1893లో పెట్టుకున్నారు. "తుపాకీలా తయారైంది" అనే నినాదం కూడా అక్కడిదే. 1901లో మొదటి మోటార్‌సైకిల్ చేశారు. 1955లో కంపెనీ మద్రాసుకు వచ్చింది. ఇక్కడ 1967లో ఫ్యాక్టరీ మూతపడింది.

ఈ ఊరిని 1960ల్లో కొత్త పట్టణంగా పెంచారు. నడిచేవాడికి రింగు రోడ్డు కింద సొరంగాలే దారి. రెండుసార్లు బయటికి రావాల్సిన చోట కాకుండా వేరేచోట తేలి, మళ్లీ చర్చి దగ్గరికే వచ్చాను. చివరికి బస్సు ఎక్కాను, అప్పట్లో ఎక్కడికైనా రెండు పౌండ్లే. డ్రైవరు హ్యువెల్ రోడ్డులో దింపాడు. ఇక్కడంతా దిగేవాళ్లు డ్రైవరుకు థాంక్స్ చెప్పి దిగుతారు, స్కూలు పిల్లలతో సహా. నాకు ఆ అలవాటు చాలా నచ్చింది.

ఎన్‌ఫీల్డ్ ఇండస్ట్రియల్ ఎస్టేట్ అని బోర్డు ఉంది. పేరు మిగిలింది. ఎర్ర ఇటుక గోడ పక్కన ఒక షట్టరు ముందు సిగరెట్ తాగుతున్న అతను ఏం చూస్తున్నావని అడిగాడు. నాన్న బుల్లెట్ ఫోటో చూపించాను, తాటిచెట్ల ముందు, నాన్న తెల్ల చొక్కాతో. అతను ఫోన్ తీసుకుని ఫోటో పెద్దది చేసి, గేరుబాక్సు దగ్గరి చిన్న లివర్ మీద వేలు పెట్టాడు. న్యూట్రల్ ఫైండర్. ఏ గేరులో ఉన్నా, ఫస్ట్ తప్ప, మడమతో ఒక్కసారి తొక్కితే న్యూట్రల్‌కు వచ్చేది. సిగ్నల్ దగ్గర నాన్న మడమ అలా కదిలేది. "మా తాత ఈ గేటు లోపలే పనిచేశాడు" అన్నాడు అతను. ఫోన్ తిరిగి ఇచ్చే ముందు ఇంకోసారి చూశాడు.

మధ్యాహ్నం చేప, చిప్స్ తిన్నాను, మీద ఉప్పు, వెనిగర్. తొమ్మిదిన్నర పౌండ్లు. ఆ చేప ముక్క ఇద్దరికి సరిపోతుంది.

జూన్ 14, శుక్రవారం, కావెంట్రీ

ఒక్క పూటే. 1940 నవంబరు 14 రాత్రి బాంబులకు కూలిన పాత చర్చిని అలాగే పైకప్పు లేకుండా ఉంచారు. దానికి దగ్గర్లోనే, ప్రయరీ వీధిలో, ట్రయంఫ్ ఫ్యాక్టరీ ఉండేది. అదీ ఆ రాత్రే పోయింది. సీగ్‌ఫ్రీడ్ బెట్‌మన్ అనే జర్మన్ ఈ ఊరొచ్చి ఆ కంపెనీ పెట్టి, 1913లో ఊరికి మేయరు కూడా అయ్యాడు. రవాణా మ్యూజియంలో బళ్లు చాలానే ఉన్నాయి కానీ, మంగళవారం షెడ్డు చూశాక అద్దాల వెనక బళ్లు నాకు ఆనలేదు.

జూన్ 16, ఆదివారం, లండన్, ఏస్ కెఫే

నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద 1938లో లారీ డ్రైవర్ల కోసం పెట్టిన హోటల్. యుద్ధంలో బాంబు పడింది, 1949లో మళ్లీ కట్టారు. పగలూ రాత్రీ తెరిచి ఉండేది కాబట్టి బళ్ల కుర్రాళ్లు చేరేవారు. గంటకు వంద మైళ్లు అందుకోవడం వాళ్ల పంతం. కెఫే రేసర్ అన్న మాట ఇలాంటి చోట్ల నుంచే వచ్చింది. 1969లో మూసేసి, 2001లో తిరిగి తెరిచారు.

గుడ్లు, బీన్స్, టోస్టు, టీ తీసుకుని బయట బల్ల మీద కూర్చున్నాను. పాతిక పైన పాత బళ్లు వచ్చాయి. నార్టన్‌వాళ్ల ఫెదర్‌బెడ్ అనే ఫ్రేములో ట్రయంఫ్ ఇంజన్ పెట్టిన ట్రైటన్లు రెండు. బీఎస్ఏ గోల్డ్ స్టార్ ఒకటి, ముందు చక్రానికి వెడల్పాటి 190 మిల్లీమీటర్ల డ్రమ్ము. దాని యజమాని, అరవై దాటిన ఆవిడ, హెల్మెట్ తీసి జుట్టు సర్దుకుని, నేను అడగ్గానే ముందు బ్రేకు లివర్ నా చేతికిచ్చారు. "రెండు వేళ్లతో నొక్కితే ఏమీ కాదు, నాలుగు వేళ్లూ కావాలి, అదీ ముందుగానే" అన్నారు. దిగుడు రోడ్డు మీద అదేపనిగా బ్రేకు వేస్తే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, లివర్ పిడిదాకా వచ్చేసినా పట్టు ఉండదు. అందుకే ఆవిడ దిగుడు మొదట్లోనే గేరు తగ్గించేస్తారట, మలుపు కనిపించకముందే. నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అదే, దిగుళ్లు లేని కృష్ణా డెల్టాలో కూడా.

రెండున్నరకు వాన మొదలైంది. ఐదు నిమిషాల్లో రోడ్డు వారన నీళ్లు కట్టాయి. కొందరు లోపలికి పరుగెత్తారు. ఒకాయన మాత్రం రెయిన్‌కోటు బొత్తాలు పెట్టుకుని, నీలం, తెలుపు బానవిల్‌ను ఒకే కిక్కుకు లేపి బయల్దేరాడు. గేటు దగ్గర నిలిచిన నీళ్లలోంచి రెండు చక్రాలూ ఇరుసు కిందిదాకా మునిగి పోయాయి.

రోడ్డెక్కగానే ఆయన వెనక ఎర్రదీపం వెలిగింది. ఆగుతున్నాడనుకున్నాను. ఆగలేదు. ఇంజన్ చప్పుడు తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది. ఎడమ పాదం పెడల్ మీద తేలిగ్గా ఆని ఉంది. డ్రమ్ములోకి నీళ్లు పోతే షూ జారిపోతుంది, అవసరమైనప్పుడు పట్టదు. అందుకని అవసరం రాకముందే, ఆనించీ ఆనించనట్టు ఉంచి, ఆ రాపిడి వేడితో ఆరబెడుతున్నాడు.

నేను వానలోకి లేచి నిలబడ్డాను. మలుపు దాకా, బహుశా రెండు వందల గజాలు, ఆ ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. తర్వాత ఆరింది, బండి కనుమరుగైంది.